మెదడుకు పాకిందని తెలిసిన తర్వాత

నేను రేడియేషన్ టెక్నాలజిస్ట్‌ని. డాక్టర్, ఫిజిసిస్ట్ కలిసి వేసిన ప్లాన్ ప్రకారం పేషెంట్‌ను మెషిన్ బల్ల మీద పడుకోబెట్టి, తలకు మాస్క్ బిగించి, పొజిషన్‌ను మిల్లీమీటర్లలో సరిచూసి, బయట కన్సోల్ దగ్గర కూర్చుని క్యాన్సర్‌కు రేడియేషన్ ఇవ్వడం నా ఉద్యోగం. ఏ చికిత్స చేయాలో నిర్ణయించేది డాక్టర్లే. అయినా మా గది బయట కుర్చీల్లో కూర్చున్నవాళ్లు, డాక్టర్ ముందు నోరు పెగలక అడగలేకపోయినవన్నీ నన్ను అడుగుతారు. వాటిలో నేను ఎక్కువగా వినేది ఒకటే: "తలలోకి కూడా పోయిందంటమ్మా, ఇంక చేసేదేం లేదా?"

ఉంది. చాలా ఉంది. నేను ఈ పనిలో చేరిన కొత్తలో మెదడుకు పాకిన క్యాన్సర్ అంటే దాదాపు అందరికీ ఒకే చికిత్స ఉండేది, తల మొత్తానికి రేడియేషన్. ఇప్పుడు అలా కాదు. మెదడులో మచ్చలున్న (స్కాన్‌లో కనిపించే క్యాన్సర్ గడ్డలను మేం మచ్చలంటాం) ముగ్గురు పక్కపక్కనే కూర్చుని ఉంటారు. ఒకరికి ఒక్క సిట్టింగుతో రేడియేషన్ అయిపోతుంది, ఒకరికి ముందు ఆపరేషన్ చేస్తారు, ఇంకొకరిని మాత్రలిచ్చి ఇంటికి పంపిస్తారు. పక్కవాళ్లకి చేసింది మాకెందుకు చేయలేదని మూడో మనిషి ఇంట్లోవాళ్లు కంగారుపడతారు. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే డాక్టర్‌ని అడగాల్సింది అడగగలుగుతారని ఇది రాస్తున్నాను.

ఊపిరితిత్తుల్లో పుట్టి మెదడుకు చేరిన క్యాన్సర్, మెదడులోనే పుట్టిన క్యాన్సర్ లాంటిది కాదు. ముక్క తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే కనిపించేవి ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలే. మందు కూడా దాన్ని బట్టే. హాస్పిటల్‌లో వీటిని సెకండరీస్ అనో, మెట్స్ అనో అంటారు. పెద్దవాళ్లలో మెదడులో సొంతంగా పుట్టే క్యాన్సర్ల కంటే ఇలా వేరేచోట నుంచి పాకొచ్చేవే ఎక్కువ. వాటిలో సగానికి దగ్గరగా ఊపిరితిత్తుల నుంచి వచ్చినవే ఉంటాయి. ఆ తర్వాత రొమ్ము క్యాన్సర్, మెలనోమా అనే చర్మ క్యాన్సర్, ఆపైన కిడ్నీ, పెద్దపేగు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకడం మామూలే కానీ మెదడు లోపలికి రావడం అరుదు. రొమ్ము క్యాన్సర్‌లోనూ అన్నీ ఒకేలా ఉండవు. హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండే హెర్2 పాజిటివ్ రకం, హార్మోన్ రిసెప్టర్లు గానీ హెర్2 గానీ లేని ట్రిపుల్ నెగెటివ్ రకం మిగతా వాటికంటే మెదడుకు ఎక్కువగా పాకుతాయి.

అందుకే పాత ఫైల్ ఇంట్లో వదిలేసి, మెదడు స్కాన్ ఒక్కటే పట్టుకుని రావద్దని అందరికీ చెబుతుంటాను. మొదటి బయాప్సీ రిపోర్ట్, అందులో జన్యు పరీక్షలేమైనా చేసి ఉంటే అవీ కావాలి. ఎన్నేళ్ల కిందటివైనా సరే.

క్యాన్సర్ కణాలు రక్తంలో కలిసి మెదడుకు చేరతాయి. ఊపిరితిత్తుల నుంచి వెనక్కి వచ్చే రక్తం నేరుగా గుండె ఎడమ వైపుకు, అక్కడి నుంచి మెదడుకు పోతుంది కాబట్టి ఆ క్యాన్సర్‌కు దారి దగ్గర. మెదడు పైపొర, దాని కింది తెల్లని భాగం కలిసేచోట రక్తనాళాలు బాగా సన్నబడతాయి. కణాలు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. 100 మచ్చల్లో సుమారు 80 పెద్దమెదడులో, 15 చిన్నమెదడులో, మిగతావి మెదడు కాండంలో ఉంటాయని పుస్తకాల్లో రాస్తారు. మేం చూసే స్కాన్లలోనూ ఇంచుమించు అలాగే ఉంటుంది. రక్తం అన్ని అవయవాలకూ పోతున్నప్పుడు కొన్ని క్యాన్సర్లు కొన్ని చోట్లే ఎందుకు పెరుగుతాయన్న ప్రశ్నకు 1889లోనే స్టీఫెన్ పాజెట్ అనే ఇంగ్లిష్ సర్జన్ ఒక సమాధానం చెప్పాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది పోస్ట్‌మార్టం రికార్డులు చూసి, విత్తనం గాలికి ఎటైనా పోతుంది కానీ తనకు సరిపడే నేలలోనే మొలుస్తుందని రాశాడు. ఇప్పటికీ పరిశోధకులు ఆ నేల గురించే తవ్వుతున్నారు.

లక్షణాల గురించి కొంచెం. తలనొప్పి వస్తేనే మెదడుకు పాకినట్టు అనుకుంటారు. తలనొప్పి సగం మందికే ఉంటుంది. ఒక చేయి బలం తగ్గడం, నడకలో తూలడం, మాట వెతుక్కోవడం, చూపులో ఒకవైపు కనిపించకపోవడం, మొదటిసారి ఫిట్స్ రావడం, ఇవి మచ్చ ఉన్న చోటును బట్టి వస్తాయి. ఇంట్లోవాళ్లు ఆలస్యంగా గుర్తుపట్టేది మాత్రం స్వభావంలో మార్పు. ఒకావిడ నాతో అంది, "మా నాన్న రెండు నెలల నుంచి దేనికీ ఉలకడు, పలకడు. క్యాన్సర్ వచ్చిందన్న దిగులు అనుకున్నాం." స్కాన్‌లో చూస్తే నుదుటి వెనక భాగంలో పెద్ద మచ్చ, దాని చుట్టూ అంతకు మూడింతల వాపు. దిగులు కూడా ఉండొచ్చు. కానీ క్యాన్సర్ ఉన్న మనిషిలో ఇలాంటి మార్పు కొత్తగా కనిపిస్తే డాక్టర్‌కి చెప్పాలి. కాంట్రాస్ట్ ఇచ్చి తీసే ఎంఆర్‌ఐలో కనిపించే చిన్న మచ్చలు సీటీలో తప్పిపోవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో చాలామందికి ఏ లక్షణమూ లేకపోయినా మొదట్లోనే మెదడు ఎంఆర్‌ఐ తీస్తారు, అది అందుకే.

ఆ పెద్దాయన మాకు బల్ల మీద కనిపించేసరికి కూతురితో మాట్లాడుతున్నాడు. ఇంకా రేడియేషన్ మొదలే కాలేదు. అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ పని. మచ్చ చుట్టూ చేరిన నీరు మెదడును నొక్కుతుంది, స్టెరాయిడ్ ఆ వాపును లాగేస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే తేడా తెలుస్తుంది. చూసినవాళ్లు క్యాన్సర్ తగ్గిపోయిందనుకుంటారు. తగ్గింది వాపే. రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లను ఈ మందు చంపదు, చికిత్సకు కావాల్సిన సమయం ఇస్తుంది. నెలల తరబడి వాడితే దాని ఖరీదూ ఉంది. షుగర్ పెరుగుతుంది, నిద్ర పట్టదు, ఊరికే కోపం వస్తుంది, ముఖం ఉబ్బుతుంది, నోట్లో తెల్లటి ఫంగస్ వస్తుంది, తొడల్లో బలం పోయి కుర్చీలోంచి లేవలేకపోతారు. అందుకే అవసరమైనంత తక్కువ డోసు, వీలైనంత తక్కువ రోజులు అంటారు. ఉదయం, మధ్యాహ్నం వేసుకుంటే రాత్రి నిద్ర కొంతైనా నయం. ఇంకొకటి గట్టిగా చెప్పాలి. కొన్ని వారాలు వాడిన స్టెరాయిడ్‌ను, బాగున్నాం కదా అని ఒక్కసారిగా ఆపకూడదు. శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారు చేయడం తగ్గించేసి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. ఎలా తగ్గించాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి, ఎవరి ఫోన్‌లోనో కాదు.

ఇక నా గది. మాస్క్ అనగానే అందరికీ టెన్షన్. అది చిల్లులున్న ప్లాస్టిక్ షీటు. వేడి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. దాన్ని ముఖం మీద పరిచి, బల్లకు బిగించి, ముక్కు, గడ్డం, నుదురు ఆకారానికి చేతులతో అదుముతాం. గోరువెచ్చగా ఉంటుంది, కొద్ది నిమిషాల్లో గట్టిపడుతుంది. చిల్లుల్లోంచి ఊపిరి బాగానే ఆడుతుంది. కానీ తల అంగుళం కాదు కదా, మిల్లీమీటరు కూడా కదలకూడదు కాబట్టి బిగుతుగా ఉంటుంది. ఇరుకు గదులంటే భయం ఉన్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పండి. చెబితే చాలా చేయగలం. కళ్ల దగ్గర తెరిచి ఉండే మాస్కులు కొన్ని సెంటర్లలో ఉన్నాయి, డాక్టర్ ముందుగా చిన్న మాత్ర ఇవ్వొచ్చు. చేతిలో బెల్ పెడతాం. కెమెరాలో చూస్తూనే ఉంటాం, మైకులో మాట వినిపిస్తుంది. చేయి ఎత్తితే ఆపేసి లోపలికి వస్తాం. సిగ్గుపడి, భయాన్ని పళ్ల బిగువున ఆపుకుని, మూడో రోజు రానని మొండికేసినవాళ్లున్నారు. మొదటి రోజే చెప్పి ఉంటే వాళ్లకి అంత బాధ ఉండేది కాదు.

పెద్దవాళ్లు "కరెంటు ఎంతసేపు పెడతారు?" అని అడుగుతారు. కరెంటు తగలదు, వేడి తెలియదు, నొప్పి లేదు. కొంతమందికి మెషిన్ నడుస్తున్నప్పుడు కళ్లు మూసుకున్నా నీలిరంగు వెలుగు మెరిసినట్టు, ఏదో ఘాటు వాసన వచ్చినట్టు అనిపిస్తుంది. భ్రమ కాదు, పిచ్చి పట్టడం అంతకన్నా కాదు. చూపుకు, వాసనకు సంబంధించిన భాగాలకు రేడియేషన్ తగిలినప్పుడు అలా తెలుస్తుంది. మెషిన్ ఆగగానే పోతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే భయపడిపోతారు, అందుకే మొదటి సిట్టింగుకు ముందే చెబుతాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రేడియేషన్ రెండు రకాలుగా ఇవ్వొచ్చు. ఒకటి తల మొత్తానికి. 1950ల నుంచి ఉన్న పద్ధతి. ఎక్కువగా 10 సిట్టింగుల్లో 30 గ్రే (రేడియేషన్ డోసును కొలిచే యూనిట్) ఇస్తారు, వారానికి 5 రోజుల చొప్పున రెండు వారాలు. కనిపించే మచ్చలకూ, స్కాన్‌లో ఇంకా కనిపించని కణాలకూ కలిపి తగులుతుంది. జుట్టు ఊడుతుంది, తర్వాత చాలామందికి తిరిగి వస్తుంది. వారాల తరబడి నీరసం. తర్వాత మతిమరుపు. రెండోది రేడియోసర్జరీ. పేరులో సర్జరీ ఉంది కానీ కత్తి ఉండదు. ఎన్నో కోణాల నుంచి సన్నని కిరణాలు వచ్చి మచ్చ మీద కలుస్తాయి. అక్కడ మాత్రమే డోసు పెద్దది, పక్కన కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే పడిపోతుంది. స్వీడన్ న్యూరోసర్జన్ లార్స్ లెక్సెల్ 1951లో ఈ ఆలోచన రాశాడు. 1960ల చివర్లో ఈ పని కోసమే చేసిన మొదటి మెషిన్, గామా నైఫ్, తయారైంది. అందులో రేడియేషన్ వెలువరించే కోబాల్ట్-60 మూలాలు సుమారు 200 ఉంటాయి. లీనియర్ యాక్సిలరేటర్ అనే మామూలు రేడియేషన్ మెషిన్ మీద కూడా ఇదే పని చేయొచ్చు, మా దగ్గర చేసేది అదే. 2 సెంటీమీటర్ల లోపు మచ్చకు ఒకే సిట్టింగులో 20 నుంచి 24 గ్రే దాకా ఇస్తారు, 3 సెంటీమీటర్లు దాటితే 15 దగ్గరకు తగ్గిస్తారు. లేదంటే మూడు, ఐదు సిట్టింగులుగా విడగొడతారు. ఎందుకంటే మచ్చ పెద్దదయ్యేకొద్దీ చుట్టూ ఉన్న మంచి మెదడుకు తగిలే డోసు పెరుగుతుంది.

ఒక కంపెనీలో లెక్కలు చూసే ఆవిడ వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్, మెదడులో చిన్న చిన్న మచ్చలు నాలుగు. ఆవిడ నన్ను ఎన్నాళ్లు బతుకుతానని అడగలేదు. "అక్కా, దీని తర్వాత నాకు లెక్కలు గుర్తుంటాయా?" అంది. నా దృష్టిలో మెదడు చికిత్సలో అంతకంటే ముఖ్యమైన ప్రశ్న లేదు. దానికి ఇప్పుడు సమాధానం ఉంది.

2009లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, ఒకటి నుంచి మూడు మచ్చలున్న 58 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు రేడియోసర్జరీ ఒక్కటే, రెండో గుంపుకు దాంతోపాటు తల మొత్తానికి రేడియేషన్. 4 నెలలకు చూస్తే కొత్తవి నేర్చుకుని గుర్తుపెట్టుకునే శక్తి దెబ్బతిన్న అవకాశం మొదటి గుంపులో 24 శాతం, రెండో గుంపులో 52 శాతం. తేడా అంత స్పష్టంగా ఉండటంతో అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. 2016లో 213 మందితో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది. 3 నెలలకు ఆలోచనాశక్తి తగ్గినవాళ్లు రేడియోసర్జరీ ఒక్కటే చేసిన గుంపులో 63.5 శాతం, తల మొత్తానికి కూడా ఇచ్చిన గుంపులో 91.7 శాతం. తల మొత్తానికి ఇచ్చినవాళ్లకు మెదడులో కొత్త మచ్చలు తక్కువే వచ్చాయి, అది నిజం. కానీ వాళ్లేమీ ఎక్కువ కాలం బతకలేదు. కొత్త మచ్చ వస్తే మళ్లీ దానికి మాత్రమే రేడియోసర్జరీ చేయొచ్చు. పోయిన జ్ఞాపకశక్తిని తెచ్చివ్వడం మా చేతిలో లేదు.

మచ్చలు ఎన్ని ఉంటే ఇది కుదురుతుంది? ఒకప్పుడు మూడు, నాలుగు దాటితే తల మొత్తానికే అనేవారు. 2014లో జపాన్ నుంచి 1,194 మంది పేషెంట్ల ఫలితాలు వచ్చాయి. 5 నుంచి 10 మచ్చలున్నవాళ్లు రేడియోసర్జరీ తర్వాత 2 నుంచి 4 మచ్చలున్నవాళ్లతో సమానంగా బతికారు, రెండు గుంపుల్లోనూ మధ్యస్థం, అంటే సగం మంది దాటి బతికిన కాలం, 10.8 నెలలు. అప్పటి నుంచి లెక్క ఒక్కటే చూడటం తగ్గింది, మొత్తం మచ్చల పరిమాణం ఎంతో చూస్తున్నారు. ఆ అకౌంటెంట్‌కి నాలుగు మచ్చలకూ ఒకే రోజు ఇచ్చాం. తర్వాతి ఎంఆర్‌ఐకి వచ్చినప్పుడు ఉద్యోగంలోనే ఉన్నానని చెప్పింది.

అలాగని తల మొత్తానికి ఇచ్చే రేడియేషన్ చెడ్డదని నేను అనను. మచ్చలు లెక్కలేనన్ని ఉన్నప్పుడు, మెదడు చుట్టూ ఉన్న పొరల్లోకీ నీటిలోకీ పాకినప్పుడు అది ఇప్పటికీ అవసరమే. అలాంటప్పుడు కూడా అడగదగ్గది ఒకటుంది. జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోకాంపస్ అనే చిన్న భాగం మెదడుకు రెండు వైపులా ఉంటుంది. దానికి డోసు తగ్గించి మిగతా మెదడుకు ఇచ్చే ప్లానింగ్ ఇప్పుడు సాధ్యం. దాంతోపాటు మతిమరుపు జబ్బుకు వాడే మెమాంటిన్ మాత్ర ఇస్తారు. 518 మంది మీద చేసి 2020లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా చేసినవాళ్లకు ఆలోచనాశక్తి తక్కువగా దెబ్బతింది. మచ్చ హిప్పోకాంపస్ పక్కనే ఉంటే కుదరదు. మనిషి పరిస్థితి మరీ బాగా లేకపోతే రెండు వారాల ప్లానింగ్, చికిత్సల వల్ల ప్రయోజనమూ ఉండదు. అయినా "హిప్పోకాంపస్‌ను కాపాడుతూ ఇవ్వడం కుదురుతుందా?" అని అడగడంలో తప్పు లేదు. అడిగితే విసుక్కునే డాక్టర్‌ని నేనైతే పెద్దగా చూడలేదు.

ఆపరేషన్ గురించి నేను తక్కువే చెప్పగలను. మచ్చ ఒక్కటే ఉండి, పెద్దదిగా ఉండి, మెదడును నొక్కుతూ ఉంటే ముందు తీసేయడమే మంచిది. 1990లో పాచెల్ అనే న్యూరాలజిస్ట్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, ఒక్క మచ్చ ఉన్నవాళ్లకు ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇస్తే మధ్యస్థంగా 40 వారాలు, రేడియేషన్ ఒక్కటే ఇస్తే 15 వారాలు బతికారు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. మెదడుకు క్యాన్సర్ పాకిందనుకున్న 54 మందిలో ఆరుగురికి ముక్క తీసి చూస్తే అది పాకిన క్యాన్సరే కాదు. ఇప్పటి ఎంఆర్‌ఐలు అప్పటికంటే చాలా మేలు. అయినా స్కాన్‌లో అనుమానం ఉంటే బయాప్సీ అడుగుతారు, దానికి భయపడి వెనక్కి తగ్గొద్దు. తీసేసిన చోటులో కణాలు మిగిలే అవకాశం ఉంటుంది కాబట్టి గాయం మానాక ఆ గుంతకు రేడియోసర్జరీ చేస్తారు. "మొత్తం తీసేశామన్నారు, మళ్లీ రేడియేషన్ ఎందుకు?" అంటారు. అందుకే.

మందుల దగ్గర వచ్చిన మార్పు నాకు ఎక్కువ సంతోషం ఇచ్చేది. మెదడు రక్తనాళాల గోడలు మిగతా శరీరంలోలా ఉండవు. కణాలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటాయి, లోపలికి దూరిన మందును కూడా పంపులు బయటికి తోసేస్తాయి. చాలా కీమో మందులు అక్కడ పనిచేయకపోవడానికి ఒక కారణం అదే. ఆ కారణంగానే కొత్త మందుల పరీక్షల్లో మెదడుకు పాకినవాళ్లను చాలాకాలం చేర్చుకునేవాళ్లే కాదు. ఇప్పుడు మెదడులోకి వెళ్లేలా తయారుచేసిన మాత్రలున్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉంటే ఒసిమెర్టినిబ్. ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు ఉంటే అలెక్టినిబ్, లొర్లాటినిబ్. 2017లో వచ్చిన ఫలితాల్లో, పాత మందు వాడినవాళ్లలో 45 శాతం మందికి మెదడులో జబ్బు ముదిరితే, అలెక్టినిబ్ వాడినవాళ్లలో 12 శాతానికే అలా అయింది. లొర్లాటినిబ్ అధ్యయనంలో 5 ఏళ్లు గడిచాక చూస్తే, 92 శాతం మందికి మెదడులో జబ్బు పెరగలేదని అంచనా. నేను చేరిన కొత్తలో ఎవరైనా ఈ అంకె చెబితే నమ్మేదాన్ని కాదు.

హెర్2 పాజిటివ్ రొమ్ము క్యాన్సర్‌లో టుకాటినిబ్ అనే మాత్ర పరీక్షలో 612 మందిని తీసుకుంటే దాదాపు సగం మంది మెదడుకు పాకినవాళ్లే. పక్కన పెట్టేసిన మనుషుల్ని ముందుకు తెచ్చి చేసిన పరీక్ష అది. మెదడుకు పాకినవాళ్లలో ఏడాది తర్వాత కూడా జబ్బు పెరగకుండా ఉన్నవాళ్లు టుకాటినిబ్ కలిపిన గుంపులో సుమారు 25 శాతం, కలపని గుంపులో ఒక్కరూ లేరు. మెలనోమాలో నివోలుమాబ్, ఇపిలిముమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందులు (శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకు పంపేవి) కలిపి ఇచ్చినప్పుడు, లక్షణాలు లేని మెదడు మచ్చలున్నవాళ్లలో సగానికి పైగా మేలు కనిపించిందని 2018లో ప్రచురించారు. ఇమ్యునోథెరపీ తీసుకునేవాళ్లకు స్టెరాయిడ్ ఎక్కువ డోసులో ఉంటే ఆ మందు బలం తగ్గొచ్చు, స్టెరాయిడ్ త్వరగా తగ్గించాలని డాక్టర్లు చూసేది అందుకే. ఇలాంటి మాత్రలు మొదలుపెట్టి రేడియేషన్‌ను తర్వాతకు ఉంచాలా, ముందే రెండూ చేయాలా అనే దాని మీద డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మచ్చలు చిన్నవై, లక్షణాలు లేకపోతే ఆగి చూస్తారు. కాబట్టి రేడియేషన్ ఇవ్వకుండా మాత్రలతో ఇంటికి పంపితే మిమ్మల్ని వదిలేసినట్టు కాదు.

చికిత్స తర్వాత రెండు మూడు నెలలకోసారి ఎంఆర్‌ఐ ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు వస్తుంది, చాలా కుటుంబాలు దీనికి సిద్ధంగా ఉండవు. రేడియోసర్జరీ చేసిన మచ్చ ఆరు నెలలకో, ఏడాదికో మళ్లీ పెద్దదైనట్టు కనిపించొచ్చు. అది తిరిగొచ్చిన క్యాన్సర్ కావచ్చు, రేడియేషన్‌కు చనిపోయిన కణజాలం ఉబ్బడమూ కావచ్చు. రెండోదాన్ని రేడియేషన్ నెక్రోసిస్ అంటారు. మామూలు ఎంఆర్‌ఐలో రెండూ ఒకేలా ఉంటాయి. పర్ఫ్యూజన్ స్కాన్, పెట్ స్కాన్ చేస్తారు, లేదా కొన్ని వారాలు ఆగి మళ్లీ తీస్తారు, కొన్నిసార్లు ముక్క తీసి చూడక తప్పదు. నెక్రోసిస్ అయితే స్టెరాయిడ్ ఇస్తారు, దానికి లొంగకపోతే బెవాసిజుమాబ్ ఇస్తారు, మరీ ఇబ్బంది పెడితే ఆపరేషన్. రిపోర్ట్‌లో "సైజు పెరిగింది" అని చదివి ఆ రాత్రే ఆశ వదిలేసుకోవద్దు. ఆ వాక్యం ఒక్కటే ఏదీ తేల్చదు.

రేడియేషన్ ఇవ్వకపోవడమే మేలైన సందర్భాలూ ఉన్నాయి. మెషిన్ నడిపేదాన్ని అయినా ఇది చెప్పాలి. 2016లో బ్రిటన్, ఆస్ట్రేలియా డాక్టర్లు ఊపిరితిత్తుల క్యాన్సర్ మెదడుకు పాకి, ఆపరేషన్‌కూ రేడియోసర్జరీకీ వీలుకాని 538 మంది ఫలితాలు ప్రచురించారు. సగం మందికి స్టెరాయిడ్, ఉపశమన చికిత్స ఇచ్చారు. మిగతా సగానికి వాటితోపాటు తల మొత్తానికి రేడియేషన్. మధ్యస్థంగా మొదటి సగం 8.5 వారాలు, రెండో సగం 9.2 వారాలు బతికారు. బతికిన కాలంలో గానీ, బతికిన తీరులో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మంచం దిగలేని మనిషిని రోజూ స్ట్రెచర్ మీద తీసుకొచ్చి, మాస్క్ బిగించి, తిరిగి పంపడం చూస్తూ నేను లోలోపల బాధపడ్డ రోజులున్నాయి. ఇంట్లో ఉంచి, నొప్పి, వాంతులు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి చూసుకుంటామని ఒక కుటుంబం నిర్ణయించుకుంటే వాళ్లు ఏమీ చేయనట్టు కాదు. పాలియేటివ్ కేర్ (ఉపశమన చికిత్స) డాక్టర్‌ని చివరి వారంలో కాకుండా మొదట్లోనే కలవండి. మిగతా చికిత్సలు నడుస్తుండగానే వాళ్లు కూడా చూస్తారు.

ఏ చికిత్సలో ఉన్నవాళ్ల ఇంట్లోవాళ్లకైనా ఫిట్స్ గురించి తెలిసి ఉండాలి. ఒక్కసారైనా ఫిట్స్ వచ్చినవాళ్లకు లెవెటిరాసెటమ్ లాంటి మాత్ర ఇస్తారు, ఎప్పుడూ రానివాళ్లకు ముందుజాగ్రత్తగా ఇవ్వాల్సిన పని సాధారణంగా లేదు. ఆ మాత్ర కొందరిలో చిరాకు, కోపం తెస్తుంది. మనిషి మారిపోయాడనుకోకుండా డాక్టర్‌కి చెబితే మందు మారుస్తారు. డ్రైవింగ్ ఎప్పుడు మొదలుపెట్టొచ్చో డాక్టర్‌ని అడిగే దాకా బండి తీయొద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు గట్టిగా పట్టుకుని అదమొద్దు, నోట్లో స్పూన్ గానీ వేలు గానీ నీళ్లు గానీ పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తనిదేదైనా పెట్టి, టైమ్ చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకముందే ఇంకోటి మొదలైనా ఆంబులెన్స్ పిలవండి. హాస్పిటల్‌కి వెళ్లేటప్పుడు మందుల చీటీ వెంట పట్టుకెళ్లండి, స్టెరాయిడ్ ఎంత డోసు నడుస్తోందో ఎమర్జెన్సీ డాక్టర్ మొదట అడుగుతారు.